మీ బస్తీ వేడి గురించి కార్పొరేషన్‌ను కదిలించడం ఎలా?

ఏప్రిల్ నెలాఖరు, రాత్రి పదిన్నర. మా గల్లీలో ఒక అక్క ఇంట్లో గోడకు వేలాడదీసిన థర్మామీటర్ 36 చూపిస్తోంది. గడప దాటి బయటికొచ్చి చూస్తే 31. పిల్లలు ముగ్గురూ గల్లీలో చాప మీద పడుకున్నారు. అక్క మాత్రం లోపలే ఉంది. "ఆడదాన్ని, బయట ఎట్ల పండుకుంట?" అంది. ఫ్యాను తిరుగుతోంది గానీ పైనున్న వేడినే కిందికి తోస్తోంది. పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. పొద్దు గూకి నాలుగు గంటలైనా, దించి పక్కన పెట్టిన పెనంలా ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ రాత్రి టీవీలో చెప్పిన హైదరాబాద్ ఉష్ణోగ్రతకూ ఆ గదికీ సంబంధం లేదు. వాతావరణ శాఖ థర్మామీటర్ గాలి ఆడే తెల్లటి పెట్టెలో, నీడలో ఉంటుంది. కొలిచే పద్ధతి అదే, తప్పు లేదు. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు చేరి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుంటే, లేదా ఏకంగా 45 తాకితే వడగాడ్పు అని ప్రకటిస్తారు. ప్రకటన రాని రోజున కూడా రేకుల కింద కాపురం ఉన్నవాళ్లకు నిద్ర ఉండదు. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎండలో కూలి పని చేసేవాళ్లు, ముసలివాళ్లు, తలదాచుకునే చోటు లేనివాళ్లే అందులో ఎక్కువ. ఒకే ఊరు, ఒకే ఎండ, కానీ దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. చెట్ల కింద, ఏసీ గదుల్లో ఉండేవాళ్ల ఇబ్బంది వేరు, అరవై గజాల రేకుల ఇంట్లో ఐదుగురు ఉండేవాళ్ల ఇబ్బంది వేరు.

ఆ గది లెక్కను కాగితం మీదికి తెచ్చి, బడ్జెట్ రాసేవాళ్ల టేబుల్ మీద ఎలా పెట్టాలో ఇక్కడ రాస్తున్నాను. నాకు తెలిసింది హైదరాబాద్ కాబట్టి ఇక్కడి ఆఫీసుల పేర్లే చెప్తాను. వరంగల్, విజయవాడ, విశాఖలో ఉన్నవాళ్లు పేర్లు మార్చుకుంటే చాలావరకు పనికొస్తుంది.

ముందు ఒక గల్లీ, ఒక కోరిక

మొత్తం నగరం గురించి మాట్లాడితే ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చెయ్యరు. నలభై, యాభై ఇళ్ల గల్లీ ఒకటి పట్టుకోండి. అందరూ అడిగేది ఒకటి తేల్చుకోండి: ఇళ్ల పైకప్పులకు చల్లటి పూతా, అంగన్‌వాడీకి నీడా, బస్టాప్‌కు షెల్టరా, వేసవిలో నీళ్ల టైమా. మిగతావి వదిలెయ్యమని కాదు, రెండో కాగితంలో రాసుకోండి. నేను పైకప్పుల ఉదాహరణే చెప్తాను. వేడి ఎక్కువగా దిగేది అక్కడి నుంచే, తక్కువ ఖర్చుతో తేడా కనిపించేదీ అక్కడే.

వేడిని మీరే కొలవండి

ఈ పని మీద ఎంత టైం పెట్టినా వృథా కాదు. "చాలా వేడిగా ఉంది సార్" అంటే ఏ ఆఫీసులోనైనా "ఎండాకాలం కదమ్మా" అనే అంటారు. పదిహేను ఇళ్లలో పద్నాలుగు రోజులు రాసిన నోట్‌బుక్ తీసి ముందు పెడితే ఆ మాట అనలేరు.

డిజిటల్ గది థర్మామీటర్ నాలుగైదు వందలకు దొరుకుతుంది. తేమ కూడా చూపించేది తీసుకోండి. ఒక ఐదు కొని ఇళ్ల మధ్య మార్చుకుంటూ వాడినా సరే. కొన్న రోజే అన్నింటినీ ఒకే గదిలో, ఒకే బల్ల మీద రెండు గంటలు పెట్టి చూడండి. ఒకటి 34, ఇంకొకటి 36 చూపిస్తే ఆ తేడాను దాని వెనక టేపు మీద రాసి అతికించండి. ఇది చెయ్యకపోతే, "మీ మీటర్లు కరెక్టేనా?" అన్న ఒక్క ప్రశ్నతో పద్నాలుగు రోజుల పని గాలికి పోతుంది.

గదిలో ఎక్కడ కట్టాలన్నది కూడా ముఖ్యమే. పొయ్యికి దూరంగా, ఫ్రిజ్ వెనక కాకుండా, ఎండ నేరుగా పడని గోడకు, మనిషి కూర్చుంటే తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో కట్టండి. గోడకు ఆనకుండా మధ్యలో ఒక చెక్కముక్క పెట్టండి. లేకపోతే అది గోడ వేడిని చూపిస్తుంది.

రోజుకు మూడుసార్లు చూస్తే చాలు: పొద్దున ఆరు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదిన్నర. మూడూ ఎందుకంటే, రేకులు పల్చగా ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం మండిపోయి రాత్రికి కొంత చల్లారతాయి. స్లాబు, ఇటుక గోడ పగలంతా వేడి తాగి అర్ధరాత్రి దాకా కక్కుతాయి. పై అంతస్తులో స్లాబు కింద అద్దెకుండే వాళ్ల బాధ రాత్రి అంకెల్లోనే బయటపడుతుంది. పొద్దున ఆరింటికి కూడా గది 32 దిగలేదంటే ఆ ఇంట్లో మనిషి ఒంటికి రాత్రంతా విశ్రాంతి లేనట్టే. ఆఫీసర్‌కు ముందుగా ఆ అంకె చూపించండి.

నోట్‌బుక్‌లో గీతలు ఇలా గీసుకోండి: తేదీ, టైం, లోపల ఎంత, గుమ్మం బయట నీడలో ఎంత, కరెంటు ఉందా, ఆ రోజు నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఇంట్లో ఎవరున్నారు. మొదటి పేజీలో ఒక్కసారి రాస్తే చాలినవి: పైకప్పు సిమెంటు రేకా, ఇనుప రేకా, స్లాబా, కిటికీలెన్ని, ఇంట్లో అరవై దాటినవాళ్లు, ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణి, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఎంతమంది. ఇళ్లకు పేర్లు వద్దు, ఇ1, ఇ2 అని నంబర్లివ్వండి. ఆ కాగితం రేపు ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు. ఫలానా ఇంట్లో ఫలానా జబ్బు అని ఊరంతా తిరగకూడదు.

పక్కనే చెట్లున్న కాలనీలో తెలిసినవాళ్లు ఉంటే వాళ్లింట్లో కూడా ఒక మీటర్ పెట్టండి. అదే రోజు, అదే గంట, రెండు ఇళ్లు, రెండు అంకెలు. ఇక తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థకు నగరమంతా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, వాటి రీడింగులు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. మీకు దగ్గరి కేంద్రం అంకె రోజూ చివరి గడిలో రాసుకోండి. ప్రభుత్వం అంకె పక్కనే మీ అంకె ఉంటే మాటకు బలం వస్తుంది.

రాసే పని పిల్లలకు అప్పగించండి. మా గల్లీలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిలు ఇద్దరు ఒక్క రోజు కూడా తప్పలేదు. పెద్దవాళ్లం మేమే రెండుసార్లు మర్చిపోయాం.

రెండు పైకప్పులకు పూత వేసి మళ్లీ కొలవండి

అడగడానికి వెళ్లే ముందు చేసి చూపించండి. 2017లో హైదరాబాద్‌లోనే దేవరకొండ బస్తీలో ఇరవై ఐదు పేద ఇళ్ల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూశారు. పొర లేని ఇళ్ల కంటే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలంటే చిన్నగా వినిపిస్తుంది, ఆ గదిలో పడుకునేవాళ్లను అడిగితే తెలుస్తుంది. అహ్మదాబాద్‌లో కూడా 2017 నుంచి బస్తీ ఇళ్ల కప్పులకు సున్నం వేయించే పని మొదలైంది. అక్కడ 2010 మేలో 46.8 డిగ్రీల ఎండ కాసి వెయ్యి మూడు వందలకు పైగా ప్రాణాలు అదనంగా పోయాక, 2013లో దేశంలోనే మొదటి వేసవి కార్యాచరణ ప్రణాళిక తయారు చేసుకున్నారు.

స్లాబుకైతే సున్నం చాలు. కప్పును చీపురుతో ఊడ్చి, నీళ్లతో కడిగి, పాచి గీకెయ్యండి. సున్నాన్ని ముందు రోజు రాత్రే నీళ్లలో నానబెట్టి, పొద్దున పాత చీర గుడ్డలో వడకట్టండి. అతుక్కోవడానికి పెయింట్ షాపులో దొరికే బైండర్ గమ్ము కలపండి. సాయంత్రం కప్పును కాస్త తడిపి, వెడల్పు బ్రష్‌తో ఒక పూత వెయ్యండి. ఆరాక అడ్డంగా ఇంకో పూత, మర్నాడు మూడోది. వానలకు కొంత పోతుంది, కాబట్టి ఏటా ఫిబ్రవరి, మార్చిలో మళ్లీ వేసుకోవాలి. ఇనుప రేకుల మీద సున్నం పెచ్చులుగా లేచిపోతుంది. వాటికి ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటే వాడాలి, ఖర్చు ఎక్కువే.

జాగ్రత్తలు మూడు చెప్తాను, తేలిగ్గా తీసుకోవద్దు. సున్నం కంట్లో పడితే కన్ను పోయే ప్రమాదం ఉంది, కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. సిమెంటు రేకుల మీద అడుగు పెట్టకండి, పగిలి కింద పడి నడుం విరిగినవాళ్లున్నారు. నిచ్చెన మీద నిలబడి పొడవు కర్రకు రోలర్ కట్టుకుని వెయ్యండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని పొడిగా గీకినా, బ్రష్‌తో రుద్దినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు చల్లి తుడవడం వరకే చెయ్యండి.

పూత వేసిన రెండిళ్లలో, వెయ్యని రెండిళ్లలో ఇంకో వారం కొలవండి. వేసే ముందు, వేసిన తర్వాత కప్పు ఫొటోలు తీయండి.

ఇంటివాళ్లు ఎవరు, కిరాయివాళ్లు ఎవరు

మేం మొదటిసారి చేసిన మీటింగ్‌కు వచ్చినవాళ్లంతా ఇంటి ఓనర్లే, అందులోనూ మగవాళ్లే. సాయంత్రం ఆరింటికి పెట్టాం మరి. ఆ టైంలో ఆడవాళ్లు నల్లా దగ్గర, పొయ్యి దగ్గర ఉంటారు. తర్వాత మహిళా పొదుపు సంఘం మీటింగ్ ఉండే రోజే, అదే చోట, వాళ్ల పని అయ్యాక ఇరవై నిమిషాలు అడిగాం. అప్పుడుగానీ అసలు సంగతులు బయటికి రాలేదు: బాత్రూంకు వెళ్లాల్సి వస్తుందని పగలంతా నీళ్లు తాగకపోవడం, రేకుల కింద వంట, మధ్యాహ్నం బాలింతను పక్క స్లాబు ఇంటికి పంపడం.

అడ్డా కూలీలను కలవాలంటే పొద్దున ఏడు లోపల అడ్డా మీదికే వెళ్లాలి. తొమ్మిది దాటితే మిగిలేది పని దొరకనివాళ్లే, వాళ్లకు మీతో మాట్లాడే ఓపిక ఉండదు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, కాగితం తెలుగులోనే ఉంటే వాళ్ల లెక్క తప్పిపోతుంది. ఉర్దూలో, హిందీలో కూడా చదివి వినిపించండి. తోపుడు బండ్ల వాళ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. దాని కింద ఏర్పడే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, అందులో మూడో వంతు మహిళలు. నీడ, తాగునీళ్లు అడగడానికి వాళ్లకు అదొక వేదిక, చాలామందికి ఆ సంగతే తెలియదు.

కిరాయివాళ్ల భయం వేరు. "ఇల్లు బాగు చేస్తే ఓనర్ కిరాయి పెంచుతడు" అన్నారు ఇద్దరు, ముగ్గురు. ఆ భయం నిజమైనదే. కాబట్టి పూత ఖర్చు సంఘం నుంచో, కార్పొరేషన్ నుంచో వచ్చినప్పుడు, రెండేళ్లు ఆ పేరు చెప్పి కిరాయి పెంచనని ఓనర్‌తో ఒక తెల్లకాగితం మీద రాయించుకోండి. కోర్టులో నిలబడుతుందా అని కాదు, పది మంది ముందు రాసిచ్చిన మాటకు గల్లీలో విలువుంటుంది. మేం అడిగితే ఒక్కరు తప్ప అందరూ రాసిచ్చారు.

ఆఫీసుకు వెళ్లినప్పుడు మాట్లాడేది కూడా వీళ్లే కావాలి. చదువుకున్నవాళ్లం, ఇంగ్లీషు వచ్చినవాళ్లం ముందు కూర్చుని అంతా మనమే చెప్పేస్తాం, అక్కలు వెనక నిలబడి తలూపుతారు. అలా చెయ్యకండి. ముందు రోజు రాత్రి ఇంట్లోనే ఒకసారి చెప్పించండి. రెండు నిమిషాలు చాలు. మొదట టెన్షన్ పడతారు, "నాకు సదువు రాదు" అంటారు. వాళ్ల ఇంట్లో పొద్దున ఆరింటికి ఎంత వేడి ఉందో వాళ్ల కంటే బాగా ఎవరూ చెప్పలేరు.

చేతిలో ఉన్న చట్టం ఏమిటి

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. రాష్ట్రం మొత్తానికి ఇలాంటి పాలసీ తేవడం దేశంలో ఇదే మొదటిసారి. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పు చల్లటి కప్పుగా మారాలన్నది లక్ష్యం, అందులో 200 హైదరాబాద్ ప్రాంతంలోనే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు సైజుతో పని లేకుండా తప్పనిసరి, ఇళ్లకైతే 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టేవాటికి తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. బస్తీలో 600 గజాల ఇల్లు ఎక్కడుంటుంది? వేడి ఎక్కువగా తినేవాళ్లకే "మీ ఇష్టం" అని వదిలేశారు. మీరు పట్టుకోవాల్సింది ఇక్కడే: 2028 లక్ష్యంలో మా బస్తీ వాటా ఎంత, దానికి డబ్బు ఎక్కడి నుంచి?

రెండోది, జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ కార్పొరేషన్) చట్టానికి 2020 అక్టోబర్‌లో చేసిన సవరణ. ఏటా బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని అందులో ఉంది, దాన్నే హరిత బడ్జెట్ అంటారు. ఆ డబ్బు ఏ రోడ్ల మధ్య పూలమొక్కలకు పోతోందో, మీ బస్తీకి ఎంత వచ్చిందో అడిగే హక్కు మీకుంది.

అడగడానికి సమాచార హక్కు చట్టం వాడండి. పది రూపాయల ఫీజు, తెల్లరేషన్ కార్డువాళ్లకు అదీ లేదు, కార్డు జిరాక్స్ జతచేస్తే చాలు. నమూనా ఇదిగో (సర్కిల్ అంటే కొన్ని వార్డులకు కలిపి ఉండే కార్పొరేషన్ ఆఫీసు పరిధి):

"పౌర సమాచార అధికారి గారికి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) ప్రకారం కోరుతున్న సమాచారం: 1. గత రెండు ఆర్థిక సంవత్సరాల్లో మా వార్డులో హరిత బడ్జెట్ కింద మంజూరైన పనుల జాబితా, ఒక్కో పనికి చేసిన ఖర్చు, పని జరిగిన స్థలం. 2. కూల్ రూఫ్ పాలసీ కింద మా సర్కిల్‌లో ఇప్పటివరకు పూత వేసిన ప్రభుత్వ భవనాల జాబితా. 3. ఈ ఏడాది మా సర్కిల్‌కు సంబంధించిన వేసవి కార్యాచరణ ప్రణాళిక ప్రతి."

"ఎందుకు చెయ్యలేదు", "ఎప్పుడు చేస్తారు" లాంటివి రాయకండి. రికార్డులో ఉన్న కాగితం అడిగితేనే ఇవ్వాలి, వివరణ అడిగితే పక్కన పడేస్తారు. మా మొదటి దరఖాస్తు అలాగే పోయింది. "మీ ప్రశ్న సమాచారం కిందికి రాదు" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. మళ్లీ రాయడానికి ఇంకో నెల. జవాబుకు 30 రోజుల గడువు. రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లో అదే ఆఫీసులోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు వెయ్యండి. చాలా కాగితాలు మొదటి అప్పీలు పడగానే కదులుతాయి.

ఒక్క పేజీ వినతిపత్రం

రెండో పేజీ ఎవరూ తిప్పరు. పైన గల్లీ పేరు, ఇళ్ల సంఖ్య, జనం సంఖ్య. తర్వాత మీరు కొలిచిన వాటిలో మూడే మూడు అంకెలు: మధ్యాహ్నం లోపల సగటు, పొద్దున ఆరింటికి లోపల సగటు, పూత వేసిన ఇళ్లలో ఎంత తగ్గింది. ఆ తర్వాత కోరిక:

"మా గల్లీలోని అంగన్‌వాడీ కేంద్రం, ప్రాథమిక పాఠశాల పైకప్పులకు, 42 ఇళ్ల పైకప్పులకు వచ్చే ఫిబ్రవరి నెలాఖరులోగా కూల్ రూఫ్ పూత వేయించాలని కోరుతున్నాం. మొత్తం కొలత ఇన్ని చదరపు గజాలు. ఇళ్లవారి అంగీకార పత్రాలు జతచేశాం."

చదరపు గజాలు మీరే టేపు పట్టి కొలిచి రాయండి. ఇంజనీరు అంచనా వెయ్యడానికి కావల్సింది అదే. మేం ఇది రాసుకెళ్లాక, అంతకుముందు తల ఎత్తని ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "ఈ కొలతలు ఎవరు తీసిన్రు?" అని అడిగితే, తొమ్మిదో తరగతి అమ్మాయి చెయ్యెత్తింది.

ఎప్పుడు, ఎవరి దగ్గరికి

అందరూ చేసే పొరపాటు మే నెలలో పోవడం. అప్పటికి ఆ ఏడాది డబ్బు పంచేసి ఉంటుంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది, దానికి సంబంధించిన బడ్జెట్ కసరత్తు ముందు ఏడాది చలికాలంలోనే జరుగుతుంది. కాబట్టి ఏప్రిల్, మేలో కొలవండి. జూన్, జూలైలో ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వెయ్యండి. దసరా, దీపావళి మధ్య సంతకాలు పూర్తి చెయ్యండి. నవంబర్ మొదటి వారానికి వినతిపత్రం లోపలికి పోవాలి. వణికే చలిలో ఎండ గురించి మాట్లాడుతుంటే కొందరు నవ్వుతారు, నవ్వనివ్వండి.

శివారు మున్సిపాలిటీలు కలిశాక వార్డులు, సర్కిళ్లు మారాయి. పాత నంబరు నమ్ముకోకుండా మీ గల్లీ ఇప్పుడు ఏ వార్డులో, ఏ సర్కిల్‌లో ఉందో వార్డు ఆఫీసులో కనుక్కోండి. కాగితం నాలుగు కాపీలు తియ్యండి: డిప్యూటీ కమిషనర్‌కు ఒకటి, జోనల్ కమిషనర్‌కు ఒకటి, ఎమ్మెల్యేకు ఒకటి, కార్పొరేటర్‌కు ఒకటి. పాలకవర్గం లేని రోజులైతే ప్రత్యేకాధికారి పేరు మీద ఇవ్వండి. సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. స్టాంపు లేకుండా ఇచ్చిన కాగితం ఇవ్వనట్టే.

పది మంది కంటే ఎక్కువ వెళ్లొద్దు, ముగ్గురి కంటే తక్కువా వెళ్లొద్దు. అంగన్‌వాడీ టీచర్‌ను, బస్తీ దవాఖానాలో పనిచేసే ఆశా వర్కర్‌ను ముందే కలిసి చెప్పండి. వాళ్లు పైవాళ్లకు భయపడి సంతకం పెట్టకపోవచ్చు. బలవంతం చెయ్యకండి. వాళ్లు నోటితో చెప్పే వివరం కూడా మీకు చాలు.

పదిహేను రోజులకొకసారి ఒకే మనిషి, ఒకే ఫైలుతో ఫాలో అప్‌కు వెళ్లాలి. వెళ్లిన తేదీ, కలిసినవాళ్ల హోదా, చెప్పిన మాట నోట్‌బుక్ వెనక పేజీల్లో రాయండి. "పోయిన నెల 14న అంచనా వేస్తామన్నారు సార్" అని మర్యాదగా చదివి వినిపిస్తే కేకలు పెట్టిన దాని కంటే పని జరుగుతుంది. అప్పటికీ కదలకపోతే స్థానిక విలేకరిని గల్లీకి పిలవండి. ఆఫీసు ముందుకు కాదు, మధ్యాహ్నం మూడింటికి రేకుల గదిలోకి పిలవండి, థర్మామీటర్ పక్కనే కూర్చోబెట్టండి.

చెట్ల సంగతి కూడా ఇదే కాగితంలో ఒక్క వరుసలో రాయొచ్చు. వేప, కానుగ అడగండి, కోనోకార్పస్ వద్దనండి. నాటడం కంటే మూడేళ్లు నీళ్లు పోసేదెవరో తేల్చుకోవడం కష్టం, అది ముందే మాట్లాడుకోండి.

పని నడుస్తుండగా ఎవరికైనా వడదెబ్బ తగిలితే

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది మామూలు నీరసం కాదు. వెంటనే 108కి ఫోన్ చేసి, నీడలోకి మార్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టండి. తెలివి లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ప్రాణం పోతే ఆ దుఃఖంలో ఎవరికీ గుర్తురాని సంగతి ఒకటి చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును, వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించింది. చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల పరిహారం ఇస్తామంది. అంతకుముందు అది 50 వేలే. అయితే వడదెబ్బతోనే పోయారని రుజువు కావాలి. తహసీల్దార్‌కు, పోలీసులకు ఆ రోజే తెలియజెయ్యకుండా, పోస్టుమార్టం లేకుండా దహనం చేసేస్తే తర్వాత నిరూపించడం చాలా కష్టం. అడ్డా కూలీల ఇళ్లలో చాలా మరణాలు "గుండెపోటు" అని నోటిమాటగా ముగిసిపోతాయి. గల్లీలో ఇద్దరికైనా ఈ పద్ధతి ముందే తెలిసి ఉండాలి. ఆ సమయంలో ఇంటివాళ్ల పక్కన నిలబడి ఫోన్లు చెయ్యాల్సింది వాళ్లే. మీరు రాసిన మీటర్ల నోట్‌బుక్‌లో ఆ ఇంటి ఆ రోజు అంకెలుంటే ఆ పేజీ జిరాక్స్ కూడా దరఖాస్తుకు జతచెయ్యండి.

మా గల్లీలో మొదటి ఏడాది అంగన్‌వాడీ కప్పు ఒక్కటే అయింది, ఇళ్లు కాలేదు. రెండో ఏడాది పదకొండు ఇళ్లయ్యాయి. ఆ అక్క ఇల్లు ఆ పదకొండులో లేదు, ఓనర్ వేరే ఊళ్లో ఉంటాడు, అంగీకార పత్రం రాలేదు. సంక్రాంతికి వస్తాడట. ఆమె కాగితం మీద పేరు, ఇంటి నంబరు, కప్పు కొలత రాసి పెట్టాం, సంతకం గీత ఒక్కటే ఖాళీగా ఉంది.